బెజవాడలో తొలి గూడు: తెనాలి, బాపట్ల, రేపల్లె వలసజీవుల నివాసం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పేదలకు పని దొరికే పెద్ద నగరాల్లో విజయవాడ ఒకటి. అక్కడ ఎక్కడ ఉండాలన్న ఆలోచన చాలామందికి రైలు వేళలతోనే మొదలవుతుంది. తెనాలి నుంచి విజయవాడ సుమారు 30 కిలోమీటర్లు. బాపట్ల ప్రధాన మార్గం మీదే ఉంది. రేపల్లె శాఖా మార్గం వచ్చి తెనాలిలో కలుస్తుంది. సొంతూళ్ళో ఇల్లు వదలకుండా సీజన్ టికెట్టు మీద రోజూ వెళ్ళిరావడాన్నీ నివాస నిర్ణయంగానే లెక్కించాలి. 2009లో వచ్చిన ఇజ్జత్ పాస్, నెలకు 1,500 రూపాయల లోపు సంపాదించేవారిని 25 రూపాయలకే నెలంతా 100 కిలోమీటర్ల దూరం వరకు తిరగనిచ్చింది. ఈ మూడు పట్టణాలూ ఆ దూరంలోవే.

తెల్లారేసరికి అడ్డా మీద నిలబడాల్సిన కూలీకి, హోటల్ మూసేదాకా ఉండాల్సిన పనివాడికి ఆ రైళ్ళు కుదరవు. అలాంటివారు మొదట ఊరివాళ్ళ గదిలో నలుగురితో పాటు సర్దుకుంటారు. భార్యాబిడ్డలు వచ్చాక పోర్షన్ వెతుకుతారు. అడ్వాన్సు కట్టలేనివారికి మిగిలేవి కాలువ గట్లు, కృష్ణా ఒడ్డున రాణిగారితోట, కృష్ణలంక, లేదంటే గుణదల, మొగల్రాజపురం కొండలు. కొండ ఎక్కేకొద్దీ అద్దె తగ్గుతుంది, నీళ్ళ బిందె మోసే మెట్లు పెరుగుతాయి. ఆ చవక వెనుక ప్రాణభయమూ ఉంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. ఆ మర్నాడే బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచింది.

తెలియక ఇలాంటి చోట్లు ఎంచుకుంటారనుకోవడం తప్పు. పెరూ రాజధాని లీమాలో పేదల వాడలను దగ్గరగా చూసిన వాస్తుశిల్పి జాన్ టర్నర్ 1968లోనే దీన్ని వివరించాడు: కొత్తగా వచ్చినవారికి పని దగ్గరుండడం ముఖ్యం, గట్టి గోడలు, సొంత హక్కు గురించిన ఆరాటం సంపాదన కుదురుకున్నాకే.

ప్రభుత్వ పథకాలు చాలావరకు సంపాదన కుదురుకున్న ఆ రెండో దశ కోసమే పుట్టాయి. 2001 నాటి వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన పేరు మీద విజయవాడలో వాంబే కాలనీ వెలిసింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టించే 300 నుంచి 430 చదరపు అడుగుల ఇళ్ళు కూడా సొంతం చేసుకునేవే. వలస కూలీల అద్దె ఇళ్ళ కోసం కేంద్రం ప్రత్యేక పథకం తెచ్చింది 2020లో, లాక్‌డౌన్‌లో వాళ్ళు నడిచి ఊళ్ళకు వెళ్ళిపోయిన తర్వాత. సొంతింటి పథకంలో పేరు ఎక్కాలంటే స్థానిక చిరునామా కావాలి. కొత్తగా దిగినవారి రేషన్ కార్డు ఇంకా రేపల్లెలోనో బాపట్లలోనో ఉంటుంది.