నూతి గట్టున కృష్ణతామర

విజయవాడ వన్ టౌన్‌లో పాత ఇంటి పెరడంటే పెద్ద స్థలమేమీ కాదు. ఒక నుయ్యి, బట్టలుతికే బండ, వాడిన నీళ్లు పారే చిన్న కాలువ. ఎప్పుడూ తడారని ఆ కాలువ చివర కొందరు అరటి పిలక పెట్టుకుంటే, కొందరు మెట్టతామర దుంప పాతుకునేవారు. ఆకు చూస్తే అరటికి చెల్లెలే. మనిషెత్తు కాడ, దాని కొసన ఎర్రగానో పచ్చగానో పూల కంకి.

దీనికే కృష్ణతామర అని ఇంకో పేరు. కృష్ణ ఒడ్డున ఆ పేరు వింటే ఇక్కడి మొక్కే అనిపిస్తుంది. కానీ ఇది తామరా కాదు, ఈ నేలదీ కాదు. పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. 1753లో లిన్నేయస్ దీనికి కన్నా ఇండికా అని పేరు పెట్టాడు. అమెరికా దీవులను కూడా ఇండీస్ అని పిలిచిన రోజులవి. అలా శాస్త్రంలోనూ ఇది మనదన్నట్టే నమోదైంది.

సముద్రం దాటిన మొక్కల్ని ఈ దేశంలో శ్రద్ధగా పెంచిన చోట్లలో కలకత్తా ముఖ్యం. అక్కడ 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించింది విలియం కేరీ. అంతకు ఆరేళ్ల ముందే, 1814లో, శ్రీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీ ఈయనే. తర్వాతి కాలంలో ఆ సంఘం తోటలోనే పెర్సీ-లాంకాస్టర్ కుటుంబీకులు మెట్టతామరలను సంకరం చేసి కొత్త రంగులు తీశారు. ఐరోపాలో ఈ పని అప్పటికే మొదలైంది. చిలీలో దౌత్య ఉద్యోగం చేసి వచ్చిన థియోడోర్ అన్నే అనే ఫ్రెంచివాడు 1840లలో దానికి శ్రీకారం చుట్టాడు.

అడవి రకానికి పూలు చిన్నవి. నేటి తోటల్లోని వెడల్పాటి పూలు ఆ సంకరాల సంతానమే. చిత్రమేమిటంటే, రేకులని మనం మురిసిపోయేవి రేకులు కావు, రూపం మార్చుకున్న కేసరాలు.

ఈ మొక్కకు ముఖ్యంగా కావలసింది నీరు. ఆ నీరు ఈ ఊరికి కాలువల్లో వచ్చిన కథ ఒక కరువుతో మొదలవుతుంది. 1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ అల్లాడాక, కృష్ణకు అడ్డంగా బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడింది. ఛార్లెస్ ఓర్ ఆధ్వర్యంలో 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. వన్ టౌన్ నడిబొడ్డున ఇప్పుడు గాంధీ కొండ అని పిలిచేది ఒకప్పుడు ఆయన పేరుతో ఓర్ కొండ. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నీళ్లు వదిలినప్పుడు నిండుగా పారి, కట్టేసినప్పుడు అడుగు కనిపించే కాలువలు ఈ ఊరికి అలవాటు. మెట్టతామర తీరు కూడా అదే. తడి ఉన్నన్నాళ్లూ ఆబగా తాగుతుంది, ఎండలు ముదిరితే ఆకులు మాడ్చుకుని, పిండి నిల్వచేసుకున్న దుంపతో నేలలో కాచుకుని ఉంటుంది. డెల్టాకు ఇంతగా కుదిరిన పరాయి పూలమొక్క మరొకటి చూపడం కష్టం.

అలాగని పట్టించుకోకుండా వదిలేస్తే నిండుగా పూయదు. పూసి అయిపోయిన కాడను మొదలంటా కోసేయాలి, ఎందుకంటే ఆ కాడ మళ్లీ పూయదు, పక్కన లేచే పిలకే పూస్తుంది. రెండు మూడేళ్లకు దుంపలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పూలు చిన్నబోతాయి. అప్పుడు తొలకరికి ముందు తవ్వి, ఒక్కో ముక్కకు ఒకటి రెండు మొలకలుండేలా విడదీసి, పశువుల ఎరువు కలిపిన మట్టిలో జానెడు లోతు మించకుండా పెట్టాలి. వానల్లో ఆకుచుట్టు పురుగు వస్తుంది. చుట్టిన ఆకును విప్పి చూసి, పురుగుతో సహా తుంచేస్తే చాలు. ఆకు మీద పసుపు చారలు పాకితే అది వైరస్ కావచ్చు. ఆ దుబ్బు పీకేయాల్సిందే, దాని దుంప ఇంకెవరికీ ఇవ్వకూడదు.

గింజతో పెంచాలంటే ఓపిక కావాలి. గింజ నల్లగా, తుపాకీ గుండులా గట్టిగా ఉంటుంది. ఆకురాయితో పైపెంకు గీసి నానబెడితే గానీ నీరు లోపలికి పోదు. అర్జెంటీనాలో ఒక పాత సమాధిలో దొరికిన గిలక్కాయలోని మెట్టతామర గింజ, సుమారు 600 ఏళ్లనాటిది, 1968లో మొలకెత్తింది.

నుయ్యి పూడ్చి అపార్ట్‌మెంట్ లేచిన చోట ఇప్పుడు మెట్టతామర మేడ మీద వెడల్పాటి తొట్టెలో ఉంటుంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మాత్రం ఈ మొక్కను మళ్లీ వాడిన నీళ్ల దగ్గరికే చేర్చారు. ఇసుక, కంకర పరిచిన మడుల్లో మెట్టతామర నాటి, ఇళ్ల మురుగును వాటి వేళ్ల గుండా పారించి, తేరిన నీటిని పొలానికి మళ్లిస్తున్నారు.