మనుషుల నడుమ గూళ్ళు

ఈ ఏడు మార్చి నెలలో, మస్కట్ నగరములోని మా ఇంటి బాల్కనీలో ఒక గువ్వల జంట కాపురమునకు దిగినది. ఏసీ యంత్రమునకు, గోడకు నడుమనున్న జానెడు చోటులో నాలుగు ఎండుపుల్లలు పేర్చి, అదే గూడనిపించినవి. వేసవికి ముందు యంత్రమును శుభ్రపరచుటకు వచ్చిన పనివాడు, ఆ పుల్లలను తీసివేయమందురా అని అడిగినాడు. మేము వెంటనే వద్దనలేకపోయినాము. మస్కట్ ఎండ ఎటువంటిదో పాఠకులకు తెలియును. తుదకు ఆ గదిని నెల దినములు విడిచి, పడకను హాలులోనికి మార్చుకొన్నాము.

గువ్వ రెండు తెల్లని గుడ్లు పెట్టినది. ఆడది, మగది వంతులవారీగా పొదిగినవి. రెండు వారములకు పిల్లలు బయటపడినవి. గువ్వలు, పావురములు తమ పిల్లలకు మొదటి దినములలో గింజలు పెట్టవు. తల్లిదండ్రులు ఇరువురి గొంతుసంచిలోను పాలవంటి పదార్థము ఊరును. పిల్లలు పెద్దవాటి నోటిలో ముక్కు దూర్చి దానిని త్రాగును. తండ్రి కూడ పాలిచ్చునని చెప్పినప్పుడు మా మనుమరాలు నమ్మలేదు. రెండు దినములు కిటికీ వద్ద కూర్చుండి, రెండు పక్షులును మేపుట కన్నులార చూచిన పిదపనే ఒప్పుకొన్నది.

ఒక గది విడిచిపెట్టుటయే మాకు గొప్ప త్యాగమనిపించినది. అయితే తెలుగునాట ఊరికి ఊరే పక్షులకు చోటిచ్చిన చరిత్ర ఉన్నది. నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడుగా పనిచేసిన థామస్ జెర్డాన్, అక్కడి యానాదుల నుండి ప్రకృతి విషయములెన్నో తెలిసికొన్నాడు. 1860ల ఆరంభములో వెలువడిన తన పక్షిశాస్త్ర గ్రంథములో ఆయన, ఆనాడు కర్నాటిక్ అనబడిన ప్రాంతములోని ఒక ఊరిని వర్ణించినాడు. అచ్చట గూడబాతులు ఊరి నడుమ పొట్టి చెట్లపై తరతరములుగా గూళ్ళు కట్టుచుండెననియు, మనుష్యుల రాకపోకలను లెక్కచేయలేదనియు వ్రాసినాడు. గూడబాతు చిన్న పక్షి కాదు. నీరు తోడు గూడవంటి పెద్ద సంచి దాని ముక్కు క్రింద వ్రేలాడుచుండును. దాని పిల్లలు ఎగురుటకు నెలలు పట్టును. అంతకాలము చేపల వాసనను, రెట్టలను, రొదను ఊరివారు ఓర్చుకొనవలెను.

20వ శతాబ్ది ఆరంభములో కడప జిల్లా బుచ్చుపల్లెలో ఇటువంటి స్థావరమొకటి కనబడినది. తరువాత 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతములో దాదాపు 3000 గూడబాతులు గూళ్ళు కట్టిన స్థావరమును కనుగొన్నారు. ఆయన ఇందుచూడన్ అను పేరుతో మలయాళములో పక్షులను గూర్చి వ్రాసిన ఆంగ్ల అధ్యాపకులు. అంత పెద్ద స్థావరము 1975 ప్రాంతమునకు లేకుండ పోయినది. ఆ మరుసటి ఏడు, 1976లో, నెల్లూరు సీమలోని నేలపట్టు పక్షుల అభయారణ్యమైనది. ఇప్పుడు అది తిరుపతి జిల్లాలోనిది. అచ్చట కడప చెట్లపై గూడబాతులు నేటికిని పిల్లలను పెంచుచున్నవి.

చట్టముకంటె ముందే ఆచారముతో పక్షులను కాపాడిన ఊళ్ళు కూడ నిలిచియున్నవి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురములో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టును. అదే జిల్లా తేలుకుంచిలో నత్తలను తిను కొంగలు తొలకరికి వచ్చి, ఇండ్ల మధ్యనున్న చింతచెట్లపై పిల్లలను లేపును. హిందూపురం వైపున వీరాపురములోను చింతచెట్లే ఎర్రకాళ్ళ కొంగలకు పుట్టిండ్లు. ఈ పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని అచ్చటివారి నమ్మకము. పిచ్చుకలకై చూరుకు వరికంకులు కట్టు అలవాటు కూడ ఈ కోవలోనిదే.

నన్నయ తెనిగించిన ఆదిపర్వములో మందపాలుని కథ ఉన్నది. ఖాండవవనము మండుచుండగా రెక్కలు రాని నలుగురు పిల్లలను విడిచిపోలేక జరిత అను తల్లి పక్షి తల్లడిల్లును. నీవు బ్రతికిన మరల బిడ్డలను కనగలవు, పొమ్మని పిల్లలే ఆమెను పంపును. పిమ్మట అగ్నిని స్తుతించి బ్రతుకును. ఏప్రిల్ ఎండలో రెక్కలు చాచి పిల్లలకు నీడపట్టిన గువ్వను చూచినప్పుడు, మా సాయంకాల తరగతిలో చదివిన ఆ కథ మాకు జ్ఞప్తికి వచ్చినది.

మా పూర్వులు ఉత్తర కోస్తా నుండి ఒడంబడిక కూలీలుగా నాటాలుకు ఓడనెక్కినవారు. వారి ఊరి పేరు మా ఇంట నిలువలేదు. మా నాయనమ్మ మాత్రము మమ్ములను ఎత్తుకొని 'గువ్వా' అని పిలిచెడిది. అది ఒక పక్షి పేరని మేము అరువది ఏండ్లు దాటిన పిదప, తెలుగు పాఠములో తెలిసికొన్నాము.

మొదటి పిల్ల ఒక ఉదయము ఎగిరిపోయినది. రెండవది ఒక దినమంతయు అంచుపై కూర్చుండి, మరునాడు వెళ్ళినది. పనివానిని మరల పిలిచినాము. అతడు యంత్రమును శుభ్రము చేసి, పుల్లల వైపు చూచి, "ఇప్పుడు తీయవచ్చునా?" అని అడిగినాడు. గువ్వలు పాత గూటినే తిరిగి వాడుకొనుట కద్దు. ఉండనిమ్మని చెప్పినాము.