విమానం ఎక్కి ఏళ్లయిందా? సాలువా, ఖరగ్‌పూర్ నుంచి బయల్దేరేవారు సామాను ఇలా సర్దుకోవాలి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఖరగ్‌పూర్ శివారు సాలువాలో అమెరికా బీ-29 బాంబర్ల స్థావరం ఉండేది. 1944లో ఇక్కడి నుంచి లేచిన విమానాలు హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్డూ ప్రాంతానికి వెళ్లేవి. అక్కడి నుంచి దాడికి కావాల్సిన ఇంధనం, బాంబులు కూడా అవే మోసుకెళ్లాలి. ఒక్క దాడికి సరిపడా ఇంధనం చేర్చడానికే పలుమార్లు తిరగాల్సి వచ్చేది. కాబట్టి ప్రతి కిలోకూ లెక్క ఉండేది.

ఇప్పుడు సాలువా ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రం. ఇక్కడ ప్రయాణికుల విమానాలు లేవు. విమానం ఎక్కాలంటే కోల్‌కతా దమ్‌దమ్‌లోని నేతాజీ సుభాష్ చంద్రబోస్ విమానాశ్రయానికి వెళ్లాలి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు నేడు హైదరాబాద్, బెంగళూరు, విదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వారి దగ్గరకు పెద్దలు ఏళ్ల తర్వాత, చాలాసార్లు ఒంటరిగా, విమానంలో వెళ్తున్నారు. వారికి వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం సామాను రైలుకు సర్దినట్టే విమానానికీ సర్దడం వల్ల వచ్చేవే.

రైలు లెక్క వేరు

రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ ప్రయాణికుడు 40 కిలోలు, సెకండ్ ఏసీ ప్రయాణికుడు 50 కిలోలు ఉచితంగా తీసుకెళ్లవచ్చు. పైగా స్టేషన్‌లో తూకం వేసేది అరుదు. విమానంలో ప్రతి పెట్టెనూ తూస్తారు. దేశీయ ఎకానమీ టికెట్లలో ఎక్కువ వాటికి చెక్-ఇన్ సామాను 15 కిలోలు, చేతి సంచి 7 కిలోలు. రెండూ కలిపినా 22 కిలోలే. కొన్ని చౌక టికెట్లపై చెక్-ఇన్ సామానే ఉండదు. కనుక ముందు టికెట్‌పై రాసి ఉన్న బరువు చూసుకోవాలి. చేతి సంచి ఒక్కటే ఉండాలి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు దాటకూడదు.

ఇంట్లో తూచుకోవడానికి కొక్కెం తూకం చాలు. అది లేకపోతే బాత్రూం తూకంపై పెట్టె పట్టుకుని ఒకసారి, పెట్టె లేకుండా ఒకసారి నిలబడి తేడా తీసుకోండి. ఒక కిలో ఖాళీ ఉంచుకోవడం మంచిది. అదనపు బరువు తప్పదనుకుంటే ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. కౌంటర్ దగ్గర రేటు ఎక్కువ.

మూడు కుప్పలుగా విడదీయండి

పెట్టె తెరవకముందే సామానంతా మంచంమీద పరచి మూడు కుప్పలు చేయండి.

మొదటిది, చేతి సంచిలోనే ఉండాల్సినవి. రోజువారీ మందులు, డాక్టర్ చీటీ, కళ్లజోడు, నగలు, నగదు, పత్రాలు, ఒక జత బట్టలు ఇందులోకి వస్తాయి. పెట్టె ఒకరోజు ఆలస్యమైనా మందు ఆగకూడదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కాబట్టి దాన్ని కింద సామానులో వేయకూడదు. పవర్ బ్యాంకులు, విడి లిథియం బ్యాటరీలు కూడా చేతి సంచిలోనే ఉండాలి. వీటి పరిమితి 100 వాట్ అవర్లు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ దాదాపు 74 వాట్ అవర్లు కనుక ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకు విమాన సంస్థ అనుమతి కావాలి. అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును మాత్రం తనిఖీలో ఆపేయవచ్చు.

రెండోది, చెక్-ఇన్ పెట్టెలోకి వెళ్లాల్సినవి. కత్తెర, చాకు, స్క్రూడ్రైవర్, రెంచ్ వంటి పనిముట్లు, ఆవకాయ, కారప్పొడి, నెయ్యి, ఆవనూనె ఇక్కడే పెట్టాలి. బెంగాల్ నుంచి తప్పక వెళ్లే రసగుల్లా డబ్బా, పాకం రూపంలోని ఖర్జూర బెల్లం కూడా ద్రవాల కిందికే వస్తాయి. అంతర్జాతీయ ప్రయాణంలో చేతి సంచిలోని ద్రవం సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు. అలాంటి సీసాలన్నీ ఒక లీటరు పారదర్శక సంచిలో పట్టాలి. పచ్చడి సీసా మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, బట్టల మధ్య ఉంచండి.

మూడోది, ఇంట్లోనే వదిలేయాల్సినవి. తెలుగు ఇళ్లలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. అగ్గిపెట్టె, లైటర్ ఏ సంచిలోనూ కుదరవు. పూజ సామానులోని కర్పూరం మండే పదార్థం కాబట్టి అదీ కుదరదు. కురిడీ కొబ్బరిలో నూనె శాతం ఎక్కువ. దానంతటదే వేడెక్కి అంటుకునే పదార్థంగా అంతర్జాతీయ నిబంధనలు దాన్ని వర్గీకరించాయి. శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయను కేబిన్‌లోకి అనుమతించడానికి పౌర విమానయాన భద్రతా సంస్థ 2024 అక్టోబరులో ప్రత్యేక సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. అదీ 2025 జనవరి 20 వరకే.

ఈ మధ్య ఏం మారింది?

2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయాయి. 2024 నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసింది. చేతి సంచికి ట్యాగ్ కట్టి ముద్ర వేసే పద్ధతి కోల్‌కతా సహా ఏడు విమానాశ్రయాల్లో 2017 ఏప్రిల్‌లోనే పోయింది. కనుక ట్యాగ్ లేదని కంగారు పడొద్దు. ముఖం చూపి లోపలికి వెళ్లే డిజియాత్ర 2022 డిసెంబరులో మొదలైంది. అది ఐచ్ఛికం మాత్రమే, ఆధార్ వంటి గుర్తింపు పత్రం చూపినా సరిపోతుంది.

పవర్ బ్యాంకులపై పట్టు బిగియడానికీ కారణం ఉంది. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో బయల్దేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానంలో మంటలు లేచాయి. లోపలున్న 176 మందీ బయటపడ్డారు గానీ విమానం పైకప్పు కాలిపోయింది. ఆ తర్వాత పలు సంస్థలు పవర్ బ్యాంకును పైఅరలో పెట్టొద్దని, దాంతో చార్జింగ్ చేయొద్దని నిబంధన పెట్టాయి. సీటు దగ్గరే, కంటికి కనిపించేలా ఉంచుకోవాలి.

దమ్‌దమ్ చేరే దారి కూడా లెక్కే

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైల్లో దాదాపు 115 కిలోమీటర్లు. అక్కడి నుంచి విమానాశ్రయానికి ఇప్పుడు మెట్రోలోనే వెళ్లవచ్చు. హౌరాలో గ్రీన్ లైన్ ఎక్కి ఎస్‌ప్లనేడ్‌లో దిగాలి. అక్కడ బ్లూ లైన్‌లో నోవాపాడా వరకు వెళ్లి, 2025 ఆగస్టు 22న ప్రారంభమైన ఎల్లో లైన్‌లో జైహింద్ బిమాన్‌బందర్ స్టేషన్ చేరాలి. ఈ దారిలో రైలు రెండుసార్లు మారాలి. అందుకే చక్రాల పెట్టె ఒకటి, భుజాన సంచి ఒకటి తప్ప మూడోది వద్దు. నడవలేని పెద్దలుంటే హౌరా నుంచి టాక్సీ మేలు. వీల్‌చైర్ కావాలంటే టికెట్ కొన్నప్పుడే చెప్పాలి.

దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూస్తారు. మధ్యాహ్నం ఒంటిగంట విమానానికి 11 గంటలకల్లా దమ్‌దమ్‌లో ఉండాలి. అంటే ఉదయం 6 గంటల లోపే ఖరగ్‌పూర్‌లో రైలెక్కాలి. లోకల్ ఆలస్యమైతే విమానం ఆగదు.

పెట్టె రాకపోతే

బయల్దేరే ముందు పెట్టెను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ పైనొకటి, లోపలొకటి పెట్టండి. కౌంటర్‌లో ఇచ్చిన సామాను రసీదు పారేయొద్దు. పెట్టె రాకపోయినా, పగిలినా విమానాశ్రయం దాటకముందే ఆ సంస్థ కౌంటర్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోవాలి. దేశీయ ప్రయాణంలో పరిహారం ఒక్కో ప్రయాణికుడికి గరిష్ఠంగా రూ.20,000. తులం బంగారం ధర అంతకన్నా చాలా ఎక్కువ. నగలు చేతి సంచిలోనే ఎందుకుండాలో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.