మాలిక్ ఎవరు, ఇజాజత్ ఎవరిది?

2015 నవంబర్ వానలకు నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో ఉన్న మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. మరహూమ్ అబ్బా వాడిన కంప్యూటర్ మూలపడింది. లోపలి హార్డ్ డిస్క్ మాత్రం సలామత్‌గా బయటపడింది. అందులో ఇంటి దస్తావేజుల స్కాన్లు, చెల్లెలి నికాహ్ ఫోటోలు ఉన్నాయి. లినక్స్ ఉన్న కొత్త కంప్యూటర్‌కి తగిలిస్తే ప్రతి ఫోల్డర్ దగ్గరా ఒకటే జవాబు: మీకు ఇజాజత్ లేదు.

"మీ అబ్బా కాగితాలకి మనం గైర్ అయిపోయామా బేటా?" అంది అమ్మీ.

ఆ సవాల్‌కి జవాబు కావాలంటే కొంత తారీఖ్ చెప్పుకోవాలి.

మాలిక్ వేరు, ఇఖ్తియార్ వేరు అన్న సంగతి మన తీరానికి కొత్తదేమీ కాదు. 1801 జూలై 31న ఆర్కాటు నవాబు అజీముద్దౌలా సంతకం చేసిన ఒప్పందంతో నెల్లూరు సహా కర్ణాటక రాజ్యమంతా కంపెనీ చేతికి పోయింది. నవాబుకి బిరుదు మిగిలింది, ఆదాయంలో ఐదో వంతు మిగిలింది. హుకూమత్ మాత్రం కంపెనీదే. ఇంకా దగ్గరి మిసాల్ వక్ఫ్ భూమి. ముతవల్లీ దాన్ని చూసుకుంటాడు, లెక్క రాస్తాడు. అది ఆయన మిల్కియత్ కాదు గనక సొంత ఆస్తిలా అమ్ముకోలేడు. హక్కు, కబ్జా, దస్తావేజు అన్న మాటలు మన కచేరీల నుంచే తెలుగులో కలిసిపోయాయి.

కంప్యూటర్లు ఈ ఫర్క్ నేర్చుకోడానికి కొంత కాలం పట్టింది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది వాడుకునే ఏర్పాటు చేసింది. ఎవరి ఫైళ్లు వాళ్లవే, ఎవరి పాస్‌వర్డ్ వాళ్లదే. మరుసటి ఏడే అలన్ షెర్ అనే పరిశోధకుడు, తనకిచ్చిన సమయం చాలక, పాస్‌వర్డ్‌లున్న ఫైల్‌నే ప్రింట్ చేయించుకున్నాడు. తాళాలు చేసినవాళ్లు తాళంచెవుల గుత్తిని బయట వదిలేశారన్నమాట!

తర్వాత బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ని తయారుచేశారు. 1971 నవంబర్ 3 తారీఖు వేసిన దాని మొదటి మాన్యువల్‌లోనే రెండు హుకుంలు కనిపిస్తాయి. మాలిక్‌ని మార్చేది సీహెచ్‌ఓన్, ఇజాజత్‌ని మార్చేది సీహెచ్‌మోడ్. మొదట మాలిక్, మిగతావాళ్లు అని రెండే వర్గాలు. మధ్యలో జమాత్, అంటే గ్రూపు, తర్వాత చేరింది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఈ హిసాబ్ నేటికీ లినక్స్‌లో అదే.

ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లది వేరే దారి. 1981 నాటి డాస్‌లో ఫైల్‌కి మాలికే లేడు. 1993లో విండోస్ ఎన్‌టీ ఈ తర్తీబ్ తెచ్చింది, 2001లో ఎక్స్‌పీతో అది ఇళ్లకి చేరింది. అయినా చాలా ఇళ్లలో అందరూ అడ్మినిస్ట్రేటర్లే! పెద్ద మార్పులకి ముందు "ఇజాజత్ ఇస్తారా?" అని అడగడం 2007లో విస్టాతో మొదలైంది.

ఇప్పుడు అమ్మీ సవాల్‌కి వద్దాం. లినక్స్ డిస్క్ మీద మాలిక్ పేరు ఉండదు, నంబర్ ఉంటుంది. చాలా లినక్స్‌లలో మొదటి వాడకందారుడికి 1000, రెండో వాడికి 1001. అబ్బా ఫైళ్ల మీద 1000 ఉంది. కొత్త కంప్యూటర్‌లో ఆ నంబర్ తమ్ముడిది, నాది 1001. యంత్రానికి నసబ్ తెలియదు, నంబరే తెలుసు.

తమ్ముడికి జల్దీ ఎక్కువ. "అన్నిటికీ 777 పెట్టేద్దాం భాయ్" అన్నాడు. అంటే ఇంటి తలుపులన్నీ తీసి రోడ్డున పోయేవాళ్లకి కూడా అప్పగించడం. ఇంకొందరు మొత్తం సిస్టం మాలిక్‌నే తమ పేరుకి మార్చేస్తారు. అప్పుడు అడ్మిన్ ఇఖ్తియార్ ఇచ్చే సుడో కూడా పనిచేయదు. దాని మాలిక్ రూటే అయి ఉండాలి, దాని మీది ప్రత్యేక ముద్ర ఈ మార్పుతో చెరిగిపోతుంది.

మేము ఎహతియాత్‌గా చేశాం. ముందు అడ్మిన్ హోదాలో అంతా ఇంకో డిస్క్‌కి నకలు తీశాం. తర్వాత అబ్బా ఫోల్డర్ ఒక్కదానికే మాలిక్‌ని నా పేరుకి మార్చాం. దస్తావేజుల ఫోల్డర్‌కి 700, అందులోని ఫైళ్లకి 600. ఫోటోలకి ఇంటివాళ్లందరినీ ఒక గ్రూపు చేసి, ఫోల్డర్‌కి 750, ఫైళ్లకి 640. డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ తాళం ఉండి ఉంటే ఇవేవీ పనిచేసేవి కావు. దానికి అబ్బా పాస్‌వర్డే కావాలి. అందుకే ఇంటి పెద్దలు బతికుండగానే ఆ పాస్‌వర్డ్ ఒక నమ్మకస్తుడి దగ్గర అమానత్‌గా ఉంచాలి.

చివరికి ఒక సంగతి. ఫైల్‌ని చెరిపే ఇఖ్తియార్ ఆ ఫైల్ మీద ఉండదు, అది ఉన్న ఫోల్డర్ మీద ఉంటుంది. ఫోల్డర్‌లో రాసే ఇజాజత్ ఉన్నవాడు, తాను చదవలేని ఫైల్‌ని కూడా తీసేయగలడు. అందుకే ఫోటోల ఫోల్డర్‌లో రాసే ఇజాజత్ నా ఒక్కడికే ఉంచాను. అమ్మీ, చెల్లెలు, తమ్ముడు ఎప్పుడైనా చూసుకోవచ్చు. పొరపాటున కూడా ఎవరూ చెరపలేరు.

కంప్యూటర్ లెక్కలో ఇప్పుడు మాలిక్‌ని నేనే. మా ఇంటి లెక్కలో మాత్రం ముతవల్లీనే.