వేడికి కాపలా: కోనరావుపేట ప్రాంతపు ఇళ్లలో ఉష్ణ నియంత్రణ

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని కోనరావుపేట మండలంలోనూ, దానికి ఇరుగుపొరుగున ఉన్న కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లోనూ వేసవి ముదిరితే పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది; పుష్యమాసపు తెల్లవారుజామున అది 10 డిగ్రీల దరిదాపులకు దిగిపోతుంది. అందువల్ల ఇక్కడి ఇల్లు ఏడాదిలో కొన్నాళ్లు వేడిని ఆపవలసి వస్తుంది, కొన్నాళ్లు నిలుపుకోవలసి వస్తుంది. వేడి ఒక హద్దు దాటగానే తగ్గించి, హద్దుకు దిగువకు పోగానే మళ్లీ పెంచే ఏర్పాటును ఉష్ణ నియంత్రకం అంటారు. వాడుకలో దాని పేరు థర్మోస్టాట్. ఆ మాట వినగానే నేడు గోడకు బిగించిన చిన్న పెట్టె గుర్తుకు వచ్చినా, అదే పనిని ఈ ప్రాంతంలో చాలాకాలం మట్టిగోడ, బూడిద, మనిషి చెయ్యి కలిసి చేశాయి.

పాత పెంకుటింటి గోడలు మూరెడు మందాన మట్టితో లేచేవి. ఎండ వేడి అంత మందం దాటి లోపలికి చేరడానికి గంటల సమయం పడుతుంది కనుక, మధ్యాహ్నపు తాపం గోడ లోపలి ముఖానికి వచ్చేసరికి పొద్దు వాలి, బయటి గాలి చల్లబడేది. పైన దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన కుమ్మరులు చేసిన గూనపెంకులు ఉండేవి. గదికీ పెంకులకూ నడుమ కర్రలు పరిచి మట్టి మెత్తిన అటక, ఎండకు కాలిన పెంకుల సెగ నేరుగా మనుషుల మీద పడకుండా అడ్డుకునేది. పెంకుల మధ్య సందులు పొగకూ వేడిగాలికీ దారి ఇచ్చేవి. ఈ ఏర్పాటులో కదిలే భాగమంటూ ఏదీ లేదు; అయినా పగటికీ రాత్రికీ మధ్య ఉన్న తేడాను లోపల చాలావరకు మెత్తబరచిన నియంత్రకం అదే.

చలికాలంలో వెచ్చదనం గదికి కాక మనిషికి దక్కేటట్లు చూసుకున్నారు. ఆరుబయట నెగడు, ఒంటిమీద కురుమలు నేసిన గొంగడి చాలామందికి సరిపోయేవి. ఇంటి లోపలి గాలిని పనిగట్టుకొని వెచ్చబెట్టిన సందర్భం ముఖ్యంగా బాలింత గది. తల్లీబిడ్డల మంచం దగ్గర కుంపటి పెట్టి, నిప్పుల మీద వామూ సాంబ్రాణీ వేసేవారు. సెగ ఎక్కువైందో తగ్గిందో ఇంటి పెద్దావిడ అరచేతి వెనుక భాగంతో చూసి తెలుసుకునేది. ఎక్కువైతే నిప్పుల మీదికి బూడిద నెట్టేది, తగ్గితే బూడిద తొలగించి విసిరేది. నివురు గప్పిన నిప్పు అన్న పలుకుబడి వెనుక ఉన్న భౌతిక సూత్రం ఇదే: బూడిద పొర గాలిలోని ప్రాణవాయువును నిప్పుకు కొద్దికొద్దిగానే అందనిస్తుంది, కనుక మంట నెమ్మదించి ఎక్కువసేపు నిలుస్తుంది.

వేడితోపాటు తేమనూ అదుపులో పెట్టుకోవలసిన వృత్తి ఈ ప్రాంతంలో ఒకటి ఉంది. సిరిసిల్ల నేత ఊరు. పొడిగాలిలో నూలు పోగు పెళుసై తెగిపోతుంది. కొంత తేమ ఉంటే దాని బలం పెరుగుతుంది. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకొని నేసే గుంట మగ్గానికి నేల చల్లదనం, తడి తోడయ్యేవి. వేసవిలో మగ్గం చుట్టూ నీళ్లు చిలకరించడం దీనికి కొనసాగింపు.

థర్మోస్టాట్ అనే పేరు పుట్టింది కూడా బట్టల మిల్లుల ఆలోచనలోనే. స్కాట్లండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్, మిల్లు గదుల్లో వేడి ఒకే తీరుగా ఉంచాలన్న ప్రయత్నంలో, 1830లో రెండు లోహాల పట్టీతో పనిచేసే నియంత్రకానికి పేటెంటు పొందాడు. ఇత్తడి, ఉక్కు వంటి రెండు లోహాల రేకులను అతికిస్తే, వేడికి ఇత్తడి ఉక్కుకంటే ఎక్కువగా సాగుతుంది కాబట్టి పట్టీ ఒక పక్కకు వంగుతుంది. ఆ వంపు ఒక మూతను తెరవగలదు, మూయగలదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన వారెన్ జాన్సన్ కాలానికి కూడా, పనివాడు తరగతి గదుల్లోకి వచ్చి వేడి చూసి, కిందికి వెళ్లి కొలిమిని సవరించవలసి వచ్చేది. ఆ రాకపోకలు తప్పించడానికి జాన్సన్ తయారుచేసిన విద్యుత్ థర్మోస్టాట్‌కు 1883లో పేటెంటు లభించింది. 1885లో మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ రూపొందించిన పరికరం, గది చల్లబడగానే కొలిమికి గాలి అందించే మూతను తెరిచేది, వెచ్చబడగానే మూసేది. కుంపటి మీద బూడిదను నెట్టే, తొలగించే చేతి పనికీ దీనికీ సూత్రంలో తేడా లేదు. కాపలా మాత్రం మనిషి నుంచి లోహానికి మారింది.

కోనరావుపేట ఇళ్లలోకి ఆ లోహపు పట్టీ రావడానికి ముందు కరెంటు రావాలి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక, పల్లెలకు సహకార పద్ధతిలో విద్యుత్తు అందించవచ్చునా అని పరీక్షించడానికి దేశంలో ఎంపిక చేసిన ఐదు ప్రాంతాల్లో సిరిసిల్ల ఒకటి. నేటి కర్ణాటకలోని హుక్కేరి, మహారాష్ట్రలోని ములా-ప్రవర, గుజరాత్‌లోని కోడినార్, ఉత్తరప్రదేశ్‌లోని లక్నో మిగిలిన నాలుగు. 1970లో పని మొదలుపెట్టిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని జనం సెస్ అని పిలుస్తారు. వినియోగదారులే సభ్యులుగా పాలకవర్గాన్ని ఎన్నుకునే ఈ సంఘం కోనరావుపేట పల్లెలకు కూడా కరెంటు ఇస్తుంది. ఆ తీగల వెంట థర్మోస్టాట్ మారువేషంలో ఇళ్లకు చేరింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడిని నీటిచుక్క చిలకరించి అంచనా వేసిన చోట, సిల్కు, ఉన్ని, నూలు అని గుర్తులున్న మీట వెనుక రెండు లోహాల పట్టీ కూర్చుంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లోనూ, గీజర్‌లోనూ, ఏసీలోనూ అదే పని చేసే భాగాలు వచ్చాయి.

వేసవిని ఎక్కువ ఇళ్లలో గట్టెక్కించిన కూలర్‌లో మాత్రం సాధారణంగా థర్మోస్టాట్ ఉండదు. తడిసిన గడ్డి గుండా ఫ్యాను గాలిని లాగితే నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. మట్టి రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ, వట్టివేళ్ల తడకలు గదిని చల్లబరిచేదీ ఇదే కారణంతో. గాలి పొడిగా ఉన్నంతకాలం ఇది బాగా పనిచేస్తుంది, మృగశిర కార్తె వానలతో తేమ పెరిగాక చతికిలబడుతుంది. తెల్లవారుజామున చలి వేస్తే లేచి దాన్ని ఆపవలసింది మనిషే.

ఇదే కాలంలో పెంకుటిళ్ల స్థానంలో స్లాబు ఇళ్లు లేచాయి. పెంకులు సర్దే ఖర్చు, వాన కారడం, కోతుల బెడద తప్పినందున ఈ మార్పును జనం సంతోషంగానే కోరుకున్నారు. అయితే పలుచని సిమెంటు స్లాబు పగలంతా ఎండను పీల్చి, రాత్రంతా నేరుగా గదిలోకి వదులుతుంది. మధ్యలో అడ్డుకునే అటక లేదు. పెంకుల సందులు లేని మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాసన లేని విషవాయువు నిలిచి ప్రాణం తీయవచ్చు. పాత పెంకు కింద అంతగా అపాయం లేకుండా సాగిన బాలింత కుంపటి కొత్త కప్పు కింద ప్రమాదమైంది. పెంకుటిల్లు పోయినప్పుడు, అది చేస్తూ వచ్చిన మూడు పనులు, అంటే సెగను ఆపడం, ఆలస్యం చేయడం, పొగను పంపడం, ఎవరి పద్దులోనూ చేరలేదు.

1965 నాటి వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు, పాతదాన్ని మార్చేటప్పుడు అది చేసిన పని పోకుండా చూసుకోవడమనే ఇదే సమస్యను మరో రూపంలో ఎదుర్కొంటాయి. అక్కడ చాలాచోట్ల ఇల్లంతటినీ ఒకే కొలిమి గొట్టాల ద్వారా వెచ్చబెడుతుంది. గోడమీది థర్మోస్టాట్ దానికి ఆజ్ఞ ఇస్తుంది. 1953లో హనీవెల్ సంస్థ విడుదల చేసిన గుండ్రని థర్మోస్టాట్‌లో లోహపు చుట్ట వంగితే గాజు గొట్టంలోని పాదరసం ఒరిగి తీగలను కలిపేది. అటువంటి పాతదాన్ని మార్చేవారు ముందు కరెంటు ఆపి, ఏ తీగ ఏ గుర్తుకు వెళ్తోందో రాసుకొని, గాజు గొట్టం పగలకుండా తీసి, చెత్తలో వేయకుండా పాదరసం సేకరించే కేంద్రానికి అప్పగించాలి. తీసేదాని పనిని ముందుగా రాసుకోవడం అక్కడ నియమం.

కోనరావుపేటలో ఇల్లు మార్చేవారికీ ఆ నియమం అవసరం. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన చల్లని కప్పుల విధానం, ఎండను తిప్పికొట్టే తెల్లపూతనో పలకలనో కప్పుమీద వేయాలని చెబుతూ, నియంత్రణను మళ్లీ ఇంటి కప్పుకే అప్పగించింది. సెగను తిప్పికొట్టే పూతతోపాటు, వేడిగాలి పోవడానికి పైకిటికీ, పడమటి గోడకు మందమో నీడో సమకూరితే, పెంకుటిల్లు చేసిన పనుల్లో చాలా భాగం స్లాబు ఇంటికి తిరిగి వస్తుంది. ఏసీలోని థర్మోస్టాట్‌కు మిగిలేది కొద్దిపాటి సవరణే.