బండిలోని తోలు ఆసనము

పూండి, పలాస, టెక్కలి ప్రాంతములలో సరకు మోయు చిన్న బండికి పికప్ అను పేరు స్థిరపడినది. ఉద్దానపు కొబ్బరికాయలు, పనసకాయలు, జీడిపిక్కలు, తీరగ్రామముల చేపలు ఈ బండ్లమీదనే జాతీయ రహదారికి చేరుచున్నవి. వీనిలో చాలవాని ఆసనములకు కప్పినది రెక్సినే. కాని రెండు వరుసల ఆసనములు గల ఖరీదైన పికప్‌లు కూడ ఇటీవల మన రోడ్లమీదికి వచ్చినవి. 2016లో ఇసుజు కంపెనీ మన రాష్ట్రముననే, శ్రీసిటీలో, పికప్ బండ్ల కర్మాగారమును తెరచినది. పై తరగతి బండ్లలో ఆసనమునకు అసలు తోలు కప్పుదురు. కొన్నవారు దానిని చూచి మురియుదురు. ఎండకు బిగిసి పగులునేమో యని భయపడి, పూర్వము కిర్రుచెప్పులకు పట్టించినట్లు దానికి ఆముదమో, కొబ్బరినూనెయో పట్టింతురు. కొలది దినములలో ఆసనము జిడ్డుదేరి, దుమ్ము పేరుకొని నల్లబడును. తాతలనాటి ఆ వైద్యము అబద్ధము కాదు. అది వేరొక తోలునకు ఏర్పడిన వైద్యము.

ఆ పాత తోలు ఎట్టిదో మొదట చూతము. పచ్చితోలును ఊరకుంచినచో త్వరలోనే కుళ్లనారంభించును. దానికి తొలి రక్ష ఉప్పు. ఉప్పునకు మన ప్రాంతమున కొదువ లేదు. పూండికి సమీపమున నున్న నౌపడా ఉప్పుమళ్లకు పేరుపొందిన ఊరు. ఈ సీమ గంజాం జిల్లాలో నున్న కాలమున, 1900లో, పర్లాకిమిడి సంస్థానమువారు వేసిన చిన్న రైలుమార్గము అచ్చటినుండియే బయలుదేరినది. ఉప్పు పట్టించిన తోలును కడిగి సున్నపునీటిలో నానవేయుదురు. వెండ్రుకలు ఊడదీసి, లోపలి మాంసపు పొరను గీకి, లందలోనికి దింపుదురు. లంద యనగా తంగేడు చెక్క నానిన నీరు గల తొట్టి. తంగేడు చెక్కలోని వగరు తోలు పోగులను ఒకదానితో నొకటి పెనవైచి, కుళ్లకుండ చేయును. ఈ పనికి దినములు కాదు, వారములు పట్టును. పిదప కరక్కాయ కషాయము పట్టింతురు. దానివలన రంగు తేలును, ఎండకు తోలు ఎఱ్ఱబడుట తగ్గును. తూర్పు కనుమల అడవులనుండి దిగిన కరక్కాయలు భీమునిపట్నపు రేవునుండి విదేశములకు కూడ పోయెడివి. కట్టకడపట కానుగనూనె వంటి నూనె పట్టించి తోలును మెత్తన చేయుదురు. ఇట్టి తోలుపై ఏ పూతయు ఉండదు. అది నూనెను త్రాగును, ఆరినకొలది మరల నూనెను కోరును. చెప్పులకు ఆముదము పట్టించుటలోని న్యాయమిదియే.

ఈ పద్ధతిని పదునైన తోళ్లు మద్రాసు రేవునుండి ఓడలమీద లండను చేరెడివి. అచ్చటి వర్తకులు వానిని ఈస్టిండియా కిప్స్ అనిరి. 1914లో మొదలైన మహాయుద్ధమున బ్రిటిషు సైనికుల బూట్ల పైతోలునకు ఇవియే అక్కరకు వచ్చినవి. ప్రభుత్వము వాని కొనుగోలును తన చేతిలోనికి తీసికొన్నది.

ఈ విద్య తెలుగునాట తరతరములుగ మాదిగల చేతులలో నిలిచినది. ఏ చెక్కకు ఎంత వగరు కలదో, సున్నమున ఎన్నాళ్లుంచిన తోలు చెడునో, రంపె ఎంత లోతున దిగవలెనో వారికి గ్రంథములు చెప్పలేదు. ఊరి కపిలకు బాన, ఎడ్లకు పట్టెడ, రైతునకు చెప్పులు, జాతరకు డప్పు సమకూర్చినవారు వారే. అట్టివారిని సంఘము ఊరి వెలుపల నిలిపి, వారి చేతి వస్తువును మాత్రము లోనికి రానిచ్చినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. నేడు తోలు ఆసనమును గొప్పగా చూపుకొను గృహస్థు దాని వెనుక నున్న ఈ చరిత్రను ఎరుగకుండుట నాకు సబబుగా తోచదు.

ఇక కొత్త తోలు. క్రోమియము లవణములతో తోలును పదును చేయవచ్చునని జర్మనీలో నాప్ 1858లోనే చూపెను. అమెరికాలో షుల్ట్జ్ 1884లో దానిని వర్తకమునకు పనికివచ్చు పద్ధతిగా మలచెను. 1893లో డెన్నిస్ దానిని మరింత సులువు చేసెను. వారములు పట్టు పని ఒకటి రెండు దినములకు దిగినది. దక్షిణదేశమున ఈ పద్ధతికి మొదటి ప్రోత్సాహము మోటారు బండ్లవలన గాక కపిల బావులవలన కలిగినదన్న ఆశ్చర్యము కలుగవచ్చును. మద్రాసులో ఇంజనీరింగు ఆచార్యుడుగా నుండిన ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ 1903లో క్రోము తోలుతో ప్రయోగములు ప్రారంభించెను. ఎడ్లతో నీరు తోడు తోలుబాన నిత్యము తడియుచు త్వరగా శిథిలమగుట రైతులకు పెద్ద నష్టముగా నుండెను. క్రోము తోలు నీటికి ఎక్కువ ఓర్చుకొనునది. మరుగునీటిని కూడ చాలవరకు తట్టుకొనగలది. ప్రభుత్వము పరిశ్రమలు నడుపరాదను వాదము బలపడగా, 1910 ప్రాంతమున ఆ శాఖను రీవా సంస్థానమునకు ఒప్పగించిరి. క్రోము పద్ధతి మాత్రము నిలిచినది. నేడు లోకమున తయారగు తోలులో అధికభాగము దానివలన వచ్చినదే. మోటారు ఆసనములకు క్రోము లేకయే పదును చేయు పద్ధతులు కూడ వ్యాపించుచున్నవి.

స్వతంత్ర భారతమున ఈ శాస్త్రమును పెంచినది 1948లో మద్రాసు అడయారులో స్థాపితమైన కేంద్ర చర్మపరిశోధనాలయము. గుంటూరు జిల్లా యలవర్రున పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు 1958నుండి 1971వరకు దానికి అధ్యక్షులుగా నుండిరి. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో ఆయన మరణించుట మన దేశమునకు తీరని లోటు. చదువుకొన్నవారు ముట్టరాదనుకొన్న వస్తువును విశ్వవిద్యాలయ విద్యార్థుల బల్లమీదికి తెచ్చిన ఘనత ఆయన తరమువారిది.

బండి ఆసనమునకు తోలు వచ్చిన తీరులోను ఒక వింత కలదు. గుర్రపు బగ్గీల ఆచారమును అనుసరించి, తొలినాటి మోటారు బండ్లలో తోలు ఆసనము నడుపువానిది. అతడు ఎండకు వానకు బయట కూర్చుండువాడు గనుక అతనికి తోలు; లోపలి గదిలోని యజమానికి మెత్తని ఉన్నిగుడ్డ. పిదప ఈ లెక్క తలక్రిందులైనది. ఫోర్డు కంపెనీ కర్మాగారముననే వెనుక తొట్టె అమర్చి అమ్మిన పికప్ 1925లో వచ్చినది. అది రైతు పనిముట్టు. అదే కంపెనీ 2001 నమూనా పికప్‌లలో టెక్సాసునందలి కింగ్ రాంచ్ అను పశుక్షేత్రము పేర తోలు ఆసనముల బండిని విక్రయించినది. ఆ క్షేత్రమువారు బ్రాహ్మన్, షార్ట్‌హార్న్ జాతులను కలిపి శాంటా గెర్ట్రూడిస్ అను పశుజాతిని సాధించిరి. బ్రాహ్మన్ జాతి మూలములలో మన ఒంగోలు పశువు కూడ ఒకటి. టెక్సాసులో స్థిరపడిన తెలుగువారు ఆ బండి ఎక్కునప్పుడు ఈ సంగతి గుర్తునకు తెచ్చుకొనవచ్చును.

ఇప్పుడు ఆముదము సంగతికి వత్తము. నేటి ఆసనపు తోలునకు కావలసిన నూనెలను కర్మాగారముననే లోపలికి ఎక్కించి, పైన రంగును, దానిపై పలుచని ప్లాస్టిక్ వంటి పొరను వేయుదురు. పైన రాచిన నూనె ఆ పొరను దాటి సరిగా దిగదు. అది పొరను మెత్తపరచి, కుట్లలో చేరి, ఉద్దానపు సన్నని ఇసుకను పట్టి ఉంచును. కూర్చున్నప్పుడెల్ల ఆ ఇసుక ఆకురాయివలె పొరను అరగదీయును. కనుక మొదట కుట్లలోని ఇసుకను మెత్తని కుంచెతో తీయవలెను. పిమ్మట నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడువవలెను. మురికి పోనిచో తేలికపాటి సబ్బునురుగు చాలును. వెంటనే మరియొక తడిగుడ్డతో సబ్బును తీసివేయవలెను. సముద్రపు గాలిలోని ఉప్పును, చెమటలోని ఉప్పును తేమను పట్టి ఉంచును. అందుచేత ఈ తీరమున తుడుచుట తరచుగా జరుగవలెను. 2020నుండి అలవాటైన చేతులు శుభ్రపరచు సారాయి ద్రవము ఈ పొరకు శత్రువు. కొన్ని నెలల కొకసారి తోలు ఆసనములకే చేసిన నీటి ఆధారపు క్రీము రాయవచ్చును.

తమ ఆసనము ఏ తోలుదో తెలియనివారు కనబడని మూల ఒక నీటిచుక్క వేసి చూడవలెను. చుక్క ముత్యమువలె నిలిచినచో పైపొర కలదు. ఇంకి మచ్చపడినచో అది పూతలేని తోలు. దానికి నీరు, సబ్బు మితముగా వాడవలెను. చాల బండ్లలో కూర్చుండు భాగము మాత్రమే తోలు, ప్రక్కలు కృత్రిమము. అమ్మువారు ఈ మాట తమంతట చెప్పరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలకూల్చినది. అట్టి దినమున ఆసనమును తలచువాడుండడు. కాని మామూలు వానకు తడిసిన ఆసనమును ఎండలో పెట్టుటయు, వేడిగాలి కొట్టుటయు తగదు. నీటిని అద్ది తీసి, తలుపులు తెరచి, నీడలో ఆరనిచ్చుట మేలు. వానకాలమున మూసియుంచిన బండిలో బూజు పట్టును. వారమున కొకటి రెండుసార్లు గాలి పోనీయవలెను.

ఈ ప్రాంతమువారికి మరియొక జాగ్రత్త కలదు. జీడిపిక్క పెంకులోని నూనె చర్మమును కాల్చును. పిక్కలు కొట్టువారి వేళ్లను నల్లబరచునది అదియే. పగిలిన పిక్కలున్న బస్తాను తోలు ఆసనముమీద పెట్టినచో పడు మచ్చ తుడిచిన పోవుట కష్టము. అదే నూనెను శుద్ధిచేసి బ్రేకుల పట్టీల తయారీలో వాడుదురు గనుక బండిలో దానికి వేరొక చోటు ఉండనే ఉన్నది. బస్తాకు వెనుక తొట్టె ఉన్నది.