రాజోలు పేరు మోస్తున్న రాయి

కోనసీమలో రాయి లేదు కనుక ప్రాచీన చరిత్ర కూడా లేదని మన ఊరి చరిత్రలు రాసినవాళ్లు తేల్చేశారు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ తెచ్చిన ఒండ్రు దగ్గర మొదలుపెట్టి నేరుగా గుళ్లూ అగ్రహారాల్లోకి వచ్చేస్తారు. ఇంటి బోరు వేసేంత లోతు వరకైతే వాళ్ల మాట నిజమే: ఇసుక, బంకమన్ను, మళ్లీ ఇసుక.

చమురు బావులు అంతకంటే చాలా కిందికి దిగాయి. అక్కడ తగిలిన నల్లటి లావా రాతికి ఓఎన్‌జీసీ భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్. దాని కింద చింతలపల్లి షేలు అనే పలకల బంకరాయి ఉంది. పైన పాశర్లపూడి ఫార్మేషన్, ఆపైన భీమనపల్లి సున్నపురాయి. పాశర్లపూడి అంటే మనకు 1995 నాటి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంటలే గుర్తు. ఆ పేరుతో కోట్ల ఏళ్ల నాటి పొర ఒకటుందని మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు.

రాజమండ్రివాళ్లు ఈ లావా తమదంటారు. లోకమంతా దాన్ని రాజమండ్రి ట్రాప్స్ అనే పిలుస్తోంది. కాతేరు దగ్గర లావా పొరల నడుమ దొరికిన గుల్లల గురించి హిస్లాప్ అనే మిషనరీ 1860లోనే రాశాడు, ఆ గౌరవం వాళ్లదే. అయితే ఆ గుల్లల పొర జీవజాతుల మహావినాశనం జరిగాక పేరుకున్నదని 2008లో భూగర్భ శాస్త్రజ్ఞురాలు గెర్టా కెల్లర్ బృందం తేల్చింది. రాజమండ్రి చూపించేది చావు తర్వాతి కథ.

ఆ చావు జరుగుతున్నప్పటి కథ డెల్టా అడుగునే ఉంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని పదకొండు లోతైన బావుల నమూనాలు చూసి అదే బృందం 2011లో ఇలా రాసింది: సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిన లావా ఇక్కడి సముద్రంలో నాలుగు పెద్ద ప్రవాహాలుగా పరుచుకుంది. వాటి మధ్య పేరుకున్న సముద్రపు బురదలో ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలున్నాయి. మొదటి ప్రవాహానికి ముందే వాటి జాతులు సగమయ్యాయి. ఆ ప్రవాహం తర్వాత మిగిలినవాటిలో మళ్లీ సగం పోయి ఏడెనిమిది జాతులే బతికాయి. నాలుగో దానితో వినాశనం పూర్తయింది. డైనోసార్లు అంతరించిన కాలం అదే.

గ్రహశకలం ఢీకొనడమే కారణమని 1980లో అల్వారెజ్ తండ్రీకొడుకుల బృందం చెప్పింది. అది పడ్డ గుంట మెక్సికోలో ఉందని తేలినప్పటి నుంచి లోకం అటే చూస్తోంది. ఆ దెబ్బ తగల్లేదని నేననను. లావాయే అసలు కారణమన్న కెల్లర్ వాదాన్ని ఒప్పుకోని శాస్త్రజ్ఞులే ఎక్కువ. కానీ దెబ్బకు ముందే సముద్రం ఊపిరాడక ఉందని మన బావులు చెప్పే సాక్ష్యం నాకు బలంగా కనిపిస్తుంది. దాన్ని తోసిపుచ్చేవాళ్లు ముందు ఈ నమూనాలకు జవాబు చెప్పాలి.

ఇక్కడ పైకి తేలిన రాయి లేదు గనుక కళ్లతో చూడాలంటే గోదావరి దాటి గౌరీపట్నం, పంగిడి క్వారీలకే వెళ్లాలి. అక్కడేమో క్రషర్లు ఆ గోడల్ని కంకర చేసేస్తున్నాయి. గుల్లల పొర స్పష్టంగా కనబడే ఒక్క గోడనైనా తవ్వకుండా వదిలేయాలి. బావుల్లోంచి తీసిన రాతి ముక్కలు కొన్ని అమలాపురంలో జనం చూసేలా పెట్టాలి, వాటి పక్కన రాజోలు ఫార్మేషన్ అని తెలుగులో రాయాలి.